గుత్తకు ఇచ్చిన ఆట

కూర్చుని తినే మనిషిని కనిపెట్టడంలో మా ఊరి టీకొట్టుకు మించిన కోర్టు లేదు. పొద్దున్నే పత్తి మిల్లు గేటు ఎదురుగా బెంచీల మీద చేరి, భోజనానికి ఇంటి నుంచి కబురు వచ్చేదాకా లేవని పెద్దమనుషులు, లోకంలో ఎవరెవరు పని చేయకుండా తింటున్నారో తేల్చేవాళ్లు. ఎనభైల్లో నేను ఆ మిల్లులో పనిచేసిన రోజుల్లో వాళ్లు ఒక సీజనంతా ఒకటే కేసు విన్నారు. మిల్లు టీములో బాస్కెట్‌బాల్ ఆడటానికి మిల్లు ఓనరు మా షావుకారు మద్రాసు నుంచి పెద్ద జీతమిచ్చి తెచ్చిన ఆటగాడు ఆ జీతానికి న్యాయం చేస్తున్నాడా లేదా అన్నది ఆ కేసు. తీర్పు చెప్పినవాళ్లలో ఒక్కరికి కూడా ఆ ఆట ఎంతమంది ఆడతారో తెలియదు. పైగా ఆ తీర్పు వల్ల వాళ్లకు పోయిందేమీ లేదు, పోయింది నా ఉద్యోగం. అందుకే ఇన్నేళ్లయినా, ఎవడైనా కాలు మీద కాలు వేసుకుని పక్కవాడి కష్టానికి వెల కడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మాది గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లే రోడ్డు మీద ఊరు. చలికాలమంతా పత్తి, ఎండలు ముదిరేసరికి మిరపకాయ. మా పేటలో అందరం చర్చికి వెళ్లేవాళ్లం, పొలం పనుల మీద బతికేవాళ్లం. మిషన్ హైస్కూలు ఆవరణలో ఎప్పుడో దొరలు వేయించిన సిమెంటు కోర్టు ఒకటి ఉండేది. కబడ్డీకీ వాలీబాల్‌కీ ఊళ్లో మోతుబరుల పిల్లలే ముందుండేవాళ్లు. బాస్కెట్‌బాల్ ఎవరికీ పట్టలేదు కాబట్టి అది మాకు దక్కింది. ఆ స్కూలు డ్రిల్లు మాస్టారు మా పేటాయనే. ఈల ఒకటి మెడలో వేసుకుని, పగిలిన బంతికి సైకిలు షాపులో పంచరు వేయించి, మా బ్యాచి అందరికీ ఆట నేర్పాడు.

షావుకారుకు ఈ ఆట మీద ప్రేమ పుట్టిందనుకునేరు. గుంటూరులో ఏటా జరిగే పోటీల్లో ఒక పొగాకు వ్యాపారి టీము కప్పు ఎత్తుకుపోయేది. ఆ పొగాకాయనకూ మా షావుకారుకూ ఎవరిదో పెళ్లి పందిట్లో ముందు వరుస కుర్చీ దగ్గర మాటా మాటా వచ్చింది. ఆ కుర్చీ దక్కలేదన్న ఉక్రోషంతో ఈయన టీము పెట్టాడు. డ్రిల్లు మాస్టారిని పిలిపించి సాయంత్రాలు నేర్పమన్నాడు. మిల్లులో టెంపరరీగా పనిచేస్తున్న మాలో ఆట వచ్చినవాళ్లం నలుగురం తేలాం. నేను పత్తి బేళ్ల మీద నల్లరంగుతో గుర్తులు వేసేవాణ్ని, మిగతా ముగ్గురూ గింజ తీసే మిషన్ల దగ్గర. ఒకరోజు మా నలుగుర్నీ ఆఫీసు గుమ్మం ముందు నిలబెట్టి షావుకారు మాట ఇచ్చాడు.

"ఈసారి కప్పు తెండిరా. మీ నలుగుర్నీ పర్మినెంట్ చేసేత్తా."

పర్మినెంట్ అంటే ఏమిటో మా పేటలో విడమరిచి చెప్పక్కర్లేదు. పత్తి సీజను అయిపోగానే టెంపరరీ వాళ్లను గేటు బయటికి పంపేసేవాళ్లు. ఇక ఎండాకాలమంతా ఎవరి చేలో ఏ పని దొరికితే ఆ పని. మా అమ్మ షావుకారు మిరపకాయల గోడౌనులో తొడిమలు తీయడానికి వెళ్లేది. సాయంత్రం ఇంటికి వచ్చాక ఎంత కడుక్కున్నా ఆమె చేతులు మండుతూనే ఉండేవి. ముద్ద కలిపి పెడితే ఆ ఘాటు మా నాలుక్కి తగిలేది. నిద్రలో మరిచిపోయి కళ్లు నలుపుకుని లేచి కూర్చునేది. నేను పర్మినెంట్ అయిన రోజున ఆమె చేత ఆ గోడౌను మాన్పించాలని నా కోరిక. అప్పట్లో నాకు వేరే కోరిక ఉన్నట్టు గుర్తు లేదు.

ఆటకు ఐదుగురు కావాలి, మేం నలుగురమే, పైగా మాకు ఎత్తు లేదు. రింగు కింద నిలబడేవాడు ఒకడు కావాలని మాస్టారు అడిగితే, షావుకారు తనకు తెలిసిన నూలు వ్యాపారి ద్వారా మద్రాసులో వాకబు చేయించాడు. అలా వచ్చాడు పొడుగాయన. మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాడు. ఏదో పెద్ద టీముకు చాలాకాలం ఆడి, మోకాలు దెబ్బ తిని బయటికి వచ్చాడట. సీజను మొత్తానికి అగ్రిమెంటు రాసుకున్నారు. జీతం మా మిల్లు ఫోర్‌మన్ జీతానికి మూడింతలు అని గుమాస్తా టీకొట్టులో చెప్పాడు. చెప్పకుండా ఉంటే తిన్నది అరిగేది కాదు అతనికి.

పొడుగాయన్ని చూడటానికి ఊరు కదిలింది. మా వైపు జనానికి కొత్తగా వచ్చినదాన్ని చూడటం ఒకటే తెలుసు, సంతలో గొడ్డును చూసినట్టు చుట్టూ తిరిగి చూస్తారు. కాళ్లు చూశారు, పిక్కలు చూశారు, వయసెంత అని అడిగారు. నోరు తెరిపించి పళ్లు లెక్కపెట్టలేదు, అంతవరకు నయం. మిల్లు వెనక గదిలో మంచం సరిపోక బెంచీ కలిపి వేశారు. మెస్సు నుంచి క్యారియరు, పొద్దున గుడ్లు, రాత్రి పాలు. మధ్యాహ్నం నిద్రపోయేవాడు. నాకూ మొదట్లో అతనంటే మంట. మేం దూదిపొడిలో దగ్గుకుంటూ పనిచేస్తుంటే ఆ గదిలో నుంచి గురక వినపడేది. పలకరిస్తే "ఏం తమ్ముడూ" అనేవాడు, ఆ తర్వాత మాట ఉండేది కాదు.

కోర్టులోకి దిగాక తెలిసింది అతనెవరో. అతను పరుగెత్తేవాడు కాదు. రింగుకు వీపు పెట్టి నిలబడేవాడు. బంతి చేతికి రాగానే అవతలి టీములో ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు వచ్చి అతని మీద పడేవాళ్లు. వాళ్లు వచ్చారంటే మాలో ఎవడో ఒకడి చుట్టూ ఎవరూ ఉండరు. ఆ ఒకడెవడో వెనక్కి తిరిగి చూడకుండానే అతనికి తెలిసేది. బంతి తిన్నగా వాడి చేతుల్లోకి వచ్చేది. ఎదురుగా రింగు, అడ్డం ఎవరూ లేరు. చంటి పిల్లాడికి కూడా తప్పని బాస్కెట్ అది. వేసినవాడికి చప్పట్లు, ఇచ్చినవాడికి ఏమీ లేదు. అతనికి అదేమీ పట్టినట్టు కనపడేది కాదు. ఒకసారి నా వైపు వచ్చిన బంతి చూసుకోక ముక్కుకు తగిలించుకున్నాను. దగ్గరికి వచ్చి, "నన్ను చూడొద్దు తమ్ముడూ, ఖాళీ చూసుకో. బంతి నేను తెస్తాను" అన్నాడు. అంతకు మించి నాకు అతను పాఠమేదీ చెప్పలేదు, అదే సరిపోయింది. మేం నలుగురం, ఎన్నడూ గెలిచి ఎరగనివాళ్లం, చుట్టుపక్కల కాలేజీ టీములన్నిటినీ వరసపెట్టి ఓడించాం. గుంటూరు పోటీల్లో మొదటి మ్యాచీలు కూడా గెలిచాం.

ఆ గెలుపులు చూడటానికి టీకొట్టు పెద్దమనుషులు లారీ ఎక్కి వచ్చారు. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

వాళ్లలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు పత్తి బ్రోకరు. రైతు పత్తి తెస్తాడు, షావుకారు కొంటాడు, ఈయన మధ్యలో నిలబడి ఇద్దరి దగ్గరా కమీషను తీసుకుంటాడు. జన్మలో ఒక పత్తి బోరెం ఎత్తిన పాపాన పోలేదు. ఇంకొకరు మంట వేడికి పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉన్న ఆసామి. బ్యారన్‌లో మంట కూలివాళ్లు చూస్తే, ఈయన టీకొట్టులో మంట పెట్టేవాడు. గుంటూరు నుంచి తిరిగి వచ్చిన మర్నాడు బ్రోకరు టీకొట్టులో మొదలుపెట్టాడు. మ్యాచి మొత్తానికి మీవాడు ఎన్ని బాస్కెట్లు వేశాడని మాస్టారిని అడిగాడు. నాలుగు అని మాస్టారు చెప్పాడు. అక్కడే నిలబడి టీ తాగుతున్న నేను ఎన్ని వేశానని అడిగాడు. ఎనిమిది అన్నాడు మాస్టారు. బ్రోకరు బెంచీలన్నిటికీ వినపడేలా నవ్వాడు. ఫోర్‌మన్‌కు మూడింతలు తినేవాడు నాలుగు వేస్తే, పేటలో కుర్రాడు ఎనిమిది వేశాడు, ఇక ఆ మద్రాసోణ్ని ఎందుకు మేపుతున్నట్టు అన్నాడు.

"చొక్కా కూడా తడవలా మాస్టారూ. దిష్టిబొమ్మ లెక్క నిలబడ్డాడు."

మాస్టారు పాపం ఓపిక మనిషి. అతను నిలబడితేనే అవతలివాళ్లు అతని చుట్టూ మూగుతారని, అందువల్లే మా వాళ్లకు దారి దొరుకుతుందని గాజు గ్లాసులు బల్ల మీద పేర్చి మరీ చూపించాడు. ఆసామి ఆ గ్లాసుల్లో ఒకటి తీసుకుని టీ పోయించుకున్నాడు.

"దారి చూపిచ్చేదానికి అంత జీతమా? మా గట్టు మీద రాయి పాతినా చూపిచ్చుద్ది."

మిల్లు గేటు దాకా నవ్వులు. తూకం కోసం ట్రాక్టర్ల మీద కాచుకుని కూర్చున్న రైతులు కూడా, ఏ ఆటో ఏమిటో తెలియకపోయినా, తలలూపారు. ఆ రోజు నుంచి రోజూ అదే పని. మ్యాచి చూడటమంటే వాళ్లకు పొడుగాయన చొక్కా చూడటమే. తడిసిందా, లేదా. మా దగ్గర కష్టమంటే చెమట, చెమట కనపడకపోతే కష్టం లేనట్టే. వాళ్ల చొక్కాలు తడవవని మాత్రం ఎవరికీ తోచదు.

ఒకరోజు నేను పట్టలేకపోయాను. షావుకారుకు పందెపు గిత్తల జత ఒకటి ఉండేది. తెల్లగా, కొండల్లాంటి మూపురాలతో, నిజంగా చూడముచ్చటగా ఉండేవి. దుక్కి దున్నవు, బండి కట్టవు. శివరాత్రికి తిరునాళ్లలో బండ లాగడం ఒక్కటే వాటి పని. దానికోసం ఏడాది పొడుగునా ఉలవగుగ్గిళ్లు, మా మిల్లు పత్తిగింజలు, బెల్లం, ఖర్జూరాలు, నెయ్యి. ఒళ్లు రుద్దటానికి ఒక జీతగాడు, దోమలు తోలటానికి ఇంకొకడు. ఈ టీకొట్టు పెద్దమనుషులే ఊరికి చుట్టాలొస్తే వెంటబెట్టుకెళ్లి చూపించి, చెప్పులు విప్పి మరీ దొడ్లోకి అడుగు పెట్టేవాళ్లు. నేను అదే అడిగాను. గిత్తలు ఏం పని చేసి తింటున్నాయండీ అన్నాను.

బ్రోకరు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఎద్దుకీ మనిషికీ పోలికేందిరా? అయ్యి షావుకారి పరువు."

అంతటితో వాదన అయిపోయింది. పరువు కోసం మేపే ఎద్దును లెక్కలు అడగరాదు, పరువు కోసం తెచ్చిన మనిషిని మాత్రం ముద్ద ముద్దకీ అడగాలి. ఆ ధర్మం ఏ మతం పుస్తకంలో ఉందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఈ మాటలన్నీ షావుకారు చెవిన పడకుండా ఉంటాయా. ఆయన లోకానికి భయపడేవాడు కాదు గాని టీకొట్టుకు భయపడేవాడు. మద్రాసోడు తమర్ని ముంచాడంటున్నారయ్యా అని గుమాస్తా రోజూ మోసేవాడు. ఫైనలు ఇక వారం ఉందనగా ఆఫీసుకు రమ్మని పొడుగాయనకూ మాస్టారికీ కబురు వచ్చింది. బేళ్ల గుర్తుల చిట్టా ఇవ్వడానికి వెళ్లిన నేను గుమ్మం దగ్గరే ఆగాను. షావుకారు దూది పీచును రెండు బొటనవేళ్ల మధ్య లాగి చూస్తూ కూర్చున్నాడు. పక్కన కుర్చీలో బ్రోకరు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు మిరపకాయ తొడిమలు తీయించడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి రోజు కూలి. రెండోది గుత్త, అంటే బస్తాకింత. గుత్తకిస్తే ఆడవాళ్లు గబగబా లాగుతారు, తొందరలో కాయ పగులుతుంది, గింజ రాలుతుంది. అందుకని నాసి కాయను గుత్తకిచ్చి, పైదేశానికి పంపే మేలు రకం కాయను మాత్రం ఏ వ్యాపారైనా రోజు కూలికే తీయిస్తాడు. ఈ విషయం మా జిల్లాలో తెలియని మనిషి ఉండడు. షావుకారుకు అందరికంటే బాగా తెలుసు. మేలు రకం వచ్చిన రోజున ఆయనే గోడౌనులో కుర్చీ వేసుకుని కూర్చుని, నిదానంగా తీయండమ్మా, నిదానంగా అని మా అమ్మవాళ్లకు చెప్పేవాడు.

అలాంటి మనిషి పొడుగాయనతో, ఇక నెల జీతం లేదు, బాస్కెట్‌కింత అన్నాడు. వేస్తే వేసినంత, వేయకపోతే లేదు. ఫైనల్లో దండిగా వేస్తే పాత జీతం కంటే ఎక్కువే ముడుతుంది, కష్టపడేవాడికి భయమెందుకు అన్నాడు. ఆ ఆలోచన ఎవరిదో బ్రోకరు ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. కొత్త ఏనుగును కొన్నవాడిలా వెలిగిపోతున్నాడు.

మాస్టారు అంతటి మెతకమనిషి ఆ రోజు గొంతు పెంచాడు. తమరి మేలు రకం కాయ తొడిమలు ఎప్పుడైనా గుత్తకిచ్చారా అని అడిగాడు. షావుకారు దూది పక్కన పెట్టి హాయిగా నవ్వాడు.

"గుత్తకిత్తే కాయలు పగులుతయ్యి మాస్టారూ. బంతి పగలదుగా."

బ్రోకరు పొట్ట పట్టుకుని నవ్వాడు. గుమాస్తా కూడా నవ్వాడు. పొడుగాయన నవ్వలేదు, కోపగించుకోలేదు. ఆ గది కప్పు తలకు తగులుతుందని కొంచెం వంగి నిలబడి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. బంతి తాను ఇస్తే, ఆ కుర్రవాళ్లు వేస్తే, దానికేమిటి అని.

"ఆళ్లేసింది ఆళ్లది, నువ్వేసింది నీది" అన్నాడు షావుకారు.

"సరే సార్" అన్నాడు పొడుగాయన. పాత అగ్రిమెంటు చించి కొత్తది రాశారు. అతను సంతకం పెట్టి, గుమ్మంలో నా పక్క నుంచే వెళ్లాడు. నా వైపు చూడలేదు.

ఫైనలు గుంటూరులో ఒక కాలేజీ గ్రౌండులో, సాయంత్రం. మా ఊరి నుంచి రెండు లారీలు వచ్చాయి. వాటిలో సగం మంది టీకొట్టు వాళ్లు, చేతిలో సోడాలు. మా అమ్మ కూడా వస్తానంది. అంత మంది మగవాళ్ల మధ్య లారీలో ఎందుకని నాన్న ఆపాడు. రాకపోవడమే మంచిదైంది.

ఈల మోగగానే తేడా తెలిసింది. మొదటి బంతి పొడుగాయనకు వెళ్లింది. ఇద్దరు మీద పడ్డారు. నేను ఖాళీ చూసుకుని పరుగెత్తాను, చేతులు చాపాను. బంతి రాలేదు. ఇద్దరి మీద నుంచీ చెయ్యి తిప్పి అతనే వేశాడు. పడింది. మా లారీల వాళ్లు లేచి గంతులు వేశారు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అతను పరుగెత్తడం నేను చూడటం అదే మొదటిసారి. పట్టీ కట్టిన మోకాలు ఈడుస్తూ పరుగెత్తాడు, తోశాడు, పడ్డాడు, లేచాడు. సగం ఆట అయ్యేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. బ్రోకరు లైను పక్కనే నిలబడి వేళ్లు మడుస్తూ పైకి లెక్కపెడుతున్నాడు. ఆ పక్కన ఆసామి తువ్వాలు గాలిలో తిప్పుతున్నాడు. మేం నలుగురం ఊరేగింపులో నడిచేవాళ్లలాగా కోర్టు ఆ చివర నుంచి ఈ చివరకు ఊరికే పరుగెత్తాం. మాస్టారు బంతి ఇవ్వమని అరుస్తూనే ఉన్నాడు. ఆయన గొంతు ఆ కేకల్లో ఎవరికి వినపడుతుంది.

పొగాకు టీము తెలివైనది. కాసేపటికి వాళ్లకు సంగతి అర్థమైంది. ఇతను ఎవరికీ ఇవ్వడు. ఇక మమ్మల్ని పట్టించుకోవడం మానేసి నలుగురు అతని చుట్టూ చేరారు. నలుగురి మధ్య నుంచి కూడా అతను వేస్తూనే ఉన్నాడు, నిజం చెప్పాలంటే అలాంటి ఆట నేను తర్వాత ఎక్కడా చూడలేదు. రెండు విసిరితే ఒకటి తప్పేది. తప్పిన ప్రతి బంతికీ వాళ్లు అటు వైపు ఒకటి వేసేవాళ్లు.

చివర్లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి మాదే. పొడుగాయనకు వెళ్లింది. వాళ్లంతా అతని మీద పడ్డారు. నేను రింగు కింద ఒక్కణ్నే ఉన్నాను. నాకు దగ్గర్లో మనిషన్నవాడు లేడు. చెయ్యి ఎత్తాను. అతను నన్ను చూశాడు. అది భ్రమ కాదు, మా కళ్లు కలిశాయి. నేను బంతి అందుకోవడానికి వేళ్లు కూడా విప్పుకున్నాను. అమ్మ గోడౌను మాన్పించడం అనే పని అప్పటికి నా మనసులో అయిపోయింది.

అతను రింగు వైపు తిరిగి తనే వేశాడు. బంతి అంచుకు తగిలి బయటపడింది. ఈల మోగింది.

తిరుగు ప్రయాణంలో ఆ లారీ చూసినవాళ్లెవరూ అది ఓడిపోయిన లారీ అనుకుని ఉండరు. గుంటూరు వచ్చినప్పటి కంటే హుషారుగా ఉన్నారు. దారిలో ఆపి మిరపకాయ బజ్జీలు తిన్నారు. బ్రోకరు లెక్క అందరికీ మళ్లీ మళ్లీ అప్పజెప్పాడు. మావాడు వేసినన్ని ఆ పొగాకు టీములో ఏ ఒక్కడూ వేయలేదట. కప్పుదేముంది, మనిషి ఈ రోజు తిన్నదానికి ఆడాడని ఆసామి తేల్చాడు. పెట్టిన ప్రతి రూపాయీ కళ్లకు కనపడిందని షావుకారు కారులో నుంచి తల బయటపెట్టి చెప్పాడు. అంటే మేం గెలిచిన రోజుల్లో డబ్బు దండగైంది, ఓడిన రోజున గిట్టుబాటైంది. ఇంత బుద్ధిహీనుల మధ్య పుట్టినందుకు నేను ఆ లారీ మూల కూర్చుని సిగ్గుపడ్డాను. ఏడవాలని ఉంది గాని వాళ్ల ముందు ఏడవబుద్ధి కాలేదు.

మర్నాడు పొడుగాయన మద్రాసు వెళ్లిపోతున్నాడని తెలిసి బస్టాండుకు వెళ్లాను. వీడ్కోలుకు కాదు, తిట్టడానికి. రేకు పెట్టె మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. మోకాలు గుమ్మడికాయలా వాచింది. నన్ను చూసి పక్కకు జరిగాడు. నేను కూర్చోలేదు.

"నేను ఖాళీగా ఉన్నా. నువ్వు చూశావు" అన్నాను. అండీలూ గారూ ఆ రోజు నోటికి రాలేదు.

"చూశాను."

"చూసి?"

అతను వాచిన కాలు నిమురుకున్నాడు. "ఈ కాలితో ఇంకో సీజను ఆడలేను తమ్ముడూ. ఇంటికి పట్టుకెళ్లేది ఇదే ఆఖరు" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "నేను ఇచ్చేదానికి మీ షావుకారు వెల కట్టలేదు. నేను వేసేదానికి కట్టాడు. ఏది కొన్నాడో అది అమ్మాను."

నాకు రావలసిన పర్మినెంట్ ఉద్యోగం పోయిందని చెప్పాను. మా అమ్మ సంగతి కూడా చెప్పేశాను, ఎందుకు చెప్పానో తెలియదు. అతను తల దించుకున్నాడు. క్షమించమని అంటాడేమోనని నిలబడ్డాను. అనలేదు. బస్సు వస్తే పెట్టె పైకి వేయడం అతని వల్ల కాలేదు. నేనే అందుకుని పైన వేశాను. ఆ సాయం ఎందుకు చేశానా అని దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. అతని మీద నాకు ఉన్న కోపంలో సగం ఆ తర్వాత పోయింది. మిగతా సగం ఇంకా ఉంది, పోగొట్టుకోవాలని కూడా లేదు. షావుకారు మీద, బ్రోకరు మీద ఉన్నది మాత్రం చిల్లిగవ్వంత కూడా తగ్గలేదు.

సీజను ముగింపుకు మా నలుగుర్నీ లెక్క చూసుకుపొమ్మన్నారు. మాస్టారు మా తరఫున వెళ్లి, కుర్రవాళ్లు ఫైనలు దాకా తీసుకొచ్చారుగా, మాట నిలబెట్టుకోమని బతిమిలాడాడు. షావుకారు బయటికి వచ్చి మా ముఖాలు చూశాడు.

"ఫైనల్లో మీ నలుగురూ కలిసి ఏసింది ఏదిరా? అంతా ఆ మద్రాసోడేగా ఏసింది."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. బ్రోకరు వేళ్ల మీద లెక్క అదే. మాస్టారికి గాజు గ్లాసులు పేర్చి చూపించడానికి అక్కడ బల్ల కూడా లేదు. మేం గేటు దాటి వచ్చేశాం. ఎదురుగా టీకొట్టులో, పేటోళ్లకి ఆట మాత్రం వస్తే సరిపోతుందా, కష్టపడే గుణం ఉండొద్దూ అని ఆసామి ఎవరికో చెబుతున్నాడు.

శివరాత్రికి తిరునాళ్లు వచ్చాయి. షావుకారి గిత్తలకు మువ్వలు కట్టి, పూలదండలు వేసి, మేళంతో తీసుకెళ్లారు. నేను పనేమీ లేక జనంలో నిలబడి చూశాను. కాడి భుజాన పడగానే మొదట ఊపుగానే లాగాయి. కాసేపటికి ఎడమపక్కది మోకాళ్ల మీద కూలబడింది. తోలేవాళ్లు ఎంత అదిలించినా లేవలేదు. బండ ఉన్నచోటే ఉంది. పందెంలో ఆఖరి జత మాదే.

షావుకారు పరుగున వెళ్లి కాడి విప్పించాడు. తన జరీ ఉత్తరీయంతో ఎద్దు మూతి నురగ తుడిచాడు, దాని గంగడోలు నిమురుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. టీకొట్టు మొత్తం అక్కడే ఉంది. ఎన్ని బస్తాల ఉలవలు తిన్నదో ఎవరూ లెక్కపెట్టలేదు. ఎంత దూరం లాగిందో ఎవరూ వేళ్లు మడవలేదు.

"పోనీలేండి, మూగజీవం. ఎంత కష్టపడిందో పాపం" అన్నాడు బ్రోకరు.

షావుకారు తల ఎత్తి చుట్టూ చూశాడు. జీతగాడు నీళ్లకు వెళ్లినట్టున్నాడు. ఎదురుగా నేను కనపడ్డాను.

"ఏరా, ఖాళీగానేగా ఉంటన్నావు. ఆ ఉలవల బకెట్టు ఇట్టా అందుకో."

ఆ పూట కూడా మా అమ్మ ఆయన గోడౌనులోనే ఉంది. బకెట్టు తీసుకెళ్లి ఎద్దు ముందు పెట్టాను. షావుకారు కోసం కాదు, అది ఆయాసపడుతోంది. మెల్లగా మూతి చాపి తినడం మొదలుపెట్టింది. అది తింటున్నంతసేపూ చుట్టూ నిలబడిన పెద్దమనుషులందరూ ముద్దుగా చూశారు, ఒక్కరు కూడా ఏమీ అడగలేదు.